మసాచుసెట్సు గవర్నరుల పరంపర
(ఒక పఠనమందిరమున గావింపబడిన యుపన్యాసము)



రాజ్యములు సంపాదించినవారి చరిత్రలను మనము విస్తారముగ చదివియున్నాము. చేతనున్న యధికారమును విడిచి యింటికి పోయినవారి చరిత్రలు చదువుట తక్కువ. నేడు నేను మనవి చేయబోవునది ఈ రెండవ తరగతికి చెందినది. ఉత్తర అమెరికా తూర్పుతీరమున మసాచుసెట్సు అను చిన్న రాష్ట్రము కలదు. దాని ముఖ్యపట్టణము బోస్టను. ఆ రాష్ట్రపు తొలి దినములలో గవర్నరు పీఠముపై ఎవరెవరు కూర్చుండిరి, ఎవరిచేత కూర్చుండబెట్టబడిరి, ఎట్లు లేచిపోయిరి అనునదే నా విషయము. పేర్ల పట్టికను చదివి మిమ్ము విసిగింపను. పీఠము చేతులు మారినపుడెల్ల ప్రజల యధికారము పెరిగెనా, తరిగెనా యని మాత్రము పరిశీలింతము.

ముందుగా నొక మాట. గవర్నరనగనే మనకు రాష్ట్రపతిచే నియమింపబడి, మంత్రుల సలహాను అనుసరించి నడచు అధికారి స్ఫురించును. అమెరికా రాష్ట్రములలో గవర్నరు అట్టివాడు కాడు. అతనిని ప్రజలు స్వయముగ ఎన్నుకొందురు. పరిపాలనాధికారము అతనియందే యుండును. మన ముఖ్యమంత్రి పనితోనే అతని పనికి పోలిక యెక్కువ. కాని ఈ స్థితి వారికి ఆకాశమునుండి ఊడిపడలేదు. దానికి నూటయేబది యేండ్లు పట్టెను.

1629లో ఇంగ్లాండు రాజగు మొదటి చార్లెసు ఒక వర్తకసంఘమునకు సనదు నొసగెను. ఇతర సంఘములవారు తమ సనదులను లండనులో నుంచుకొని, సముద్రమునకు ఆవల తమ నౌకరులచేత పని జరిపించుచుండిరి. ఈ సంఘమువారు మాత్రము సనదును తమతో గైకొని 1630లో సముద్రము దాటిరి. సంఘసభ్యులు ఏటేట గవర్నరును ఎన్నుకొనవలెనను నిబంధన ఆ సనదులో నుండెను. వర్తకము కొఱకు వ్రాసికొన్న ఆ నిబంధనయే కొత్త నేలపై రాజ్యాంగమైనది. జాన్ వింత్రాపు వారి గవర్నరు. ఎంత గౌరవింపబడినను ఆయనకును పీఠము శాశ్వతము కాలేదు. 1634లో ప్రజలు ఆయనను తప్పించి వేఱొకని నెన్నుకొనిరి. తరువాత మరల ఆయననే పిలిచిరి. అయితే ఈ ప్రజలనగా నెవరు? చర్చి సభ్యులైన పురుషులు మాత్రమే. స్త్రీలకు వోటు లేదు, అన్యమతస్థులకు లేదు, ఏ ఆదిమజాతి పేరు ఆ రాష్ట్రమునకు నిలిచినదో ఆ జాతివారికి వారి నేలపైననే మాట లేదు. ఈ లోపమును దాచి కథ చెప్పుట న్యాయము కాదు.

ఇచట మనతో ముడిపడిన విషయమొకటి కలదు. 1649లో బోస్టనులో జన్మించిన ఎలిహూ యేలు అనునతడు బాల్యముననే ఇంగ్లాండు చేరి, పిదప ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రవేశించి, 1687 మొదలు 1692 వరకు చెన్నపట్టణమున సెంటుజార్జి కోటకు గవర్నరుగ నుండెను. చెన్నపట్టణమున ఏ ఒక్కరును ఆయనకు వోటు వేయలేదు. ఆయన సమాధానము చెప్పుకొనవలసినది లండనులోని కంపెనీ యజమానులకే. సరిగా ఆ దినములలోనే బోస్టనులో నేమి జరిగెనో చూడుడు. 1684లో పాత సనదు రద్దయ్యెను. 1686లో రాజు పంపగా సర్ ఎడ్మండు ఆండ్రోసు వచ్చి, శాసనసభ లేకయే పన్నులు విధింప మొదలిడెను. 1689 ఏప్రిలు 18వ తేదీన బోస్టను ప్రజలు ఆయుధములు పట్టి ఆండ్రోసును చెఱబెట్టిరి. ఇచటను గవర్నరే, అచటను గవర్నరే. పదము ఒకటే గాని ఒకచోట ప్రజలు గవర్నరును మ్రొక్కుబడికి దర్శించువారు; మఱియొకచోట లెక్క అడుగువారు.

1691లో కొత్త సనదు వచ్చినది. అది సగము వరము, సగము శాపము. శాసనసభను ప్రజలెన్నుకొందురు, గవర్నరును మాత్రము రాజు నియమించును. పీఠము చేజారినదని ప్రజలు గ్రహించిరి. కాని సంచి మూతి తమ చేతిలోనే యున్నదనియు గ్రహించిరి. గవర్నరు జీతము శాసనసభ మంజూరు చేయవలసినదే. వచ్చిన ప్రతి గవర్నరును స్థిరమైన జీతమును కోరును. శాసనసభ ఒక యేటికి మాత్రమే ఇచ్చును. 1728లో విలియము బర్నెటు అను గవర్నరు వచ్చి, స్థిరమైన జీతము కావలసినదేయని పట్టుపట్టెను. సభవారు ధారాళముగ బహుమానమీయజూపిరి గాని స్థిరమను మాటకు ఒడబడలేదు. ఆయన కోపించి సభను బోస్టనునుండి సేలము అను ఊరికి తరలించెను. వారు అచటికి పోయియు లేదనియే పలికిరి. ఆ తగవు తెగకముందే, 1729లో, ఆయన మరణించెను. కొంతకాలమునకు రాజప్రభుత్వమే దిగివచ్చి ఏటేటి జీతమునకు సమ్మతించెను. జీతము స్వల్పవిషయమని తలపకుడు. ఎవని చేతి అన్నము తినునో వాని మాట వినుట లోకసహజము. ఈ సత్యమును మసాచుసెట్సు రైతు ఏ గ్రంథమునందును చదువకయే ఎఱింగియుండెను.

ఈ సత్యమునకు గొప్ప నిదర్శనము తామస్ హచిన్‌సను. ఆయన విదేశీయుడు కాడు, బోస్టనులో పుట్టినవాడు, ఆ రాష్ట్రచరిత్రను శ్రద్ధతో వ్రాసిన విద్వాంసుడు. 1765లో స్టాంపు పన్నుపై రేగిన యల్లరిలో జనులు ఆయన ఇల్లు ధ్వంసము చేసి, చరిత్ర వ్రాతప్రతులను వీధి బురదలో విసరివైచిరి. అది జనులకు కీర్తి తెచ్చిన పని కాదు. కాని 1771లో ఆయన గవర్నరైన పిదప, తన జీతము ఇకమీదట రాజప్రభుత్వము నుండియే వచ్చునని 1772లో ప్రకటించినపుడు, నలుబదియేండ్ల వివాదము ఒక్క పెట్టున ప్రజలకు ప్రత్యక్షమయ్యెను. పుట్టుకచేత మనవాడైన నేమి, జీతముచేత పరాయివాడయ్యెను! 1773 డిశంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవులో 342 పెట్టెల తేయాకు నీటిపాలయ్యెను. ఆ తేయాకు ఎవరిది? 1765లో మన ఉత్తర సర్కారులకు ఢిల్లీ పాదుషావలన ఫర్మానా పొందిన ఆ ఈస్టిండియా కంపెనీదే. ఒక వర్తకసంఘము రెండు ఖండముల ప్రజలతో లావాదేవి సాగించినది. ఒకచోట తేయాకు పెట్టెలను పోగొట్టుకొనినది, మఱియొకచోట జిల్లాలను సంపాదించినది. హచిన్‌సను 1774లో ఇంగ్లాండు వెడలి, మరల స్వదేశమును చూడకయే 1780లో అచట చనిపోయెను.

ఆయన పిదప వచ్చిన జనరల్ గేజి సేనతో వచ్చెను. ప్రజలు తమ ప్రతినిధులను వేఱుగ సమావేశపఱచుకొనిరి. 1775 ఏప్రిలు 19వ తేదీన లెక్సింగ్టను, కాంకార్డు గ్రామములలో తుపాకులు మ్రోగినవి. 1776 మార్చి 17వ తేదీన ఇంగ్లీషు సేన బోస్టనును విడిచిపోయినది.

మహాశయులారా, ఇంతవరకు చెప్పినది ఉత్సాహకరమైన కథ. దీనిని ఇచట ముగించినచో మీరు కరతాళధ్వనులు చేయుదురు. కాని నేను నిజముగ చెప్పవచ్చినది ఇకమీదనే యున్నది. పరపాలకుని పంపివేయుటతో పీఠము ఖాళీ యగును. దానిని నింపుట యెట్లు?

మసాచుసెట్సువారు తొందరపడలేదు. 1775 మొదలు 1780 వరకు, యుద్ధము జరుగుచుండగనే, గవర్నరు లేకయే 28 మంది సభ్యులుగల ఆలోచనసభచేత రాజ్యము నడపిరి. 1778లో శాసనసభవారు తామే ఒక రాజ్యాంగము వ్రాసి ఊరూరికి పంపగా ప్రజలు దానిని త్రోసివైచిరి. శాసనసభ తన హద్దులను తానే గీసికొనరాదని అనేకుల మతము. అందుచేత ఆ పనికే ప్రత్యేకముగ ఒక మహాసభ నెన్నుకొనిరి. జాన్ ఆడమ్సు చిత్తు వ్రాసెను. ఊళ్లలో సభలు చేరి ప్రతి ప్రకరణమును చర్చించిరి. 1780లో అది అమలులోనికి వచ్చెను. గవర్నరును ప్రజలు ఏటేట ఎన్నుకొందురు. శాసనసభ పంపిన చట్టమును ఆయన త్రిప్పి పంపవచ్చును. ఉభయసభలలో మూడింట రెండు వంతులవారు మరల కోరినచో ఆయన మాట చెల్లదు. అయితే ఆస్తిలేనివానికి వోటు లేదు. వేయి పౌనుల భూమి లేనివాడు గవర్నరు కాజాలడు. ఈ ఆస్తి నిబంధన త్వరలోనే విషమించినది.

మొదటి గవర్నరు జాన్ హాన్‌కాకు. గొప్ప వర్తకుడు, సంపన్నుడు, పట్టువస్త్రములయందును బండ్లయందును మక్కువ గలవాడు. స్వాతంత్ర్యప్రకటనపై తొలుత పెద్ద అక్షరములతో చేవ్రాలు చేసినవాడు. సాటిలేని ప్రజాదరముతో 1780 అక్టోబరులో పీఠమెక్కెను. 1785 జనవరిలో, దేహారోగ్యము బాగులేదని, పదవిని వదలుకొనెను. మరుసటి యెన్నికలో ఎవరికిని సగముకంటె హెచ్చు వోట్లు రాకపోవుటచేత శాసనసభ జేమ్సు బౌడెను అను విద్వాంసుని గవర్నరుగ నిర్ణయించెను. ఈయన శాస్త్రజ్ఞుడు, నిష్కళంకుడు, స్వాతంత్ర్యోద్యమమున పాటుపడినవాడు. ఈయన కాలముననే కొత్త రాజ్యమునకు అగ్నిపరీక్ష వచ్చినది.

యుద్ధమున పోరాడిన రైతులకు జీతము కాగితపు పత్రములుగ నిచ్చిరి. తిండికి లేక వారు ఆ పత్రములను అయినకాడికి అమ్ముకొనిరి. కొన్న షాహుకారులకు వాటి పూర్తి విలువ చెల్లించుటకై ప్రభుత్వము బరువైన పన్నులు వేసెను. తమ రక్తమునకు ప్రతిగా వచ్చిన పత్రమును చౌకగా అమ్మిన రైతే, దాని నిండువెలను చెల్లించుటకు మరల పన్ను కట్టవలసివచ్చెను. కట్టలేనివాని పశువులు జప్తు, భూమి వేలము, దేహము చెఱసాల పాలు. పడమటి జిల్లాల ప్రజలు మహజరులు పంపిరి, ఫలములేదు. 1786 ఆగష్టు 29వ తేదీన నార్తాంప్టనులో రైతులు గుంపులుగ చేరి న్యాయస్థానము కూడకుండ అడ్డగించిరి. న్యాయస్థానము కూడకున్న తీర్పు లేదు. తీర్పు లేకున్న జప్తు లేదు. ఇంతియే వారి తర్కము. బంకరుహిల్లు యుద్ధమున పోరాడి సైన్యమున కాప్టనైన డేనియలు షేసు వారి నాయకులలో నొకడు.

ప్రభుత్వమేమి చేసెను? గుంపులను నిషేధించు శాసనము చేసినది. విచారణలేకయే నిర్బంధించు నధికారమును చేతగొన్నది. ఖజానాలో సొమ్ము లేకపోగా బోస్టను వర్తకులు చందాలు వేసికొని జనరల్ లింకను క్రింద సేనను కూర్చిరి. 1787 జనవరి 25వ తేదీన స్ప్రింగుఫీల్డు ఆయుధాగారముకడ రైతులపై ఫిరంగులు ప్రేలినవి, నలుగురు మృతులైరి. ఫిబ్రవరి 4వ తేదీన, రాత్రి యంతయు మంచుతుపానులో నడచి వచ్చిన లింకను సేన, పీటర్షాము గ్రామమున మిగిలినవారిని చెల్లాచెదరు చేసినది.

ఇందు నాకు మిక్కిలి బాధ కలిగించునది సామ్యూలు ఆడమ్సు మాట. రాజుపై తిరుగుబాటునకు ప్రాణము పోసిన మహాపురుషుడాయన. 1774లో కాంగ్రెసునకు వెళ్లుటకు మంచి బట్టలు లేకపోగా స్నేహితులు కుట్టించి యిచ్చిరన్నచో ఆయన నిస్పృహత ఎట్టిదో తెలియును. అట్టివాడు, రాజుపై తిరుగుబాటు క్షమింపదగును గాని ప్రజారాజ్యపు శాసనములపై తిరుగుబాటు చేసినవానికి మరణమే తగునని వాదించెను. ఆయన తర్కములో బలము లేకపోలేదు. ఏటేట వోటువేయు హక్కు గలవానికి తుపాకితో పనియేమి? కాని ఆ ప్రశ్నకు రైతు ఎదురుప్రశ్న వేయగలడు: ఆస్తియున్నవానికే వోటైనపుడు, ఉన్న ఆస్తియు జప్తుచేసి, వోటు కలదుగదా యనుట యెట్టి న్యాయము? విదేశీయులతో పోరాడినవాడు స్వదేశీయుల దుఃఖమును కూడ తప్పక గ్రహించునని మనము నమ్మరాదు. ఒక అన్యాయమును చూచిన కన్ను మఱియొక యన్యాయమును చూడలేకపోవుట కలదు.

ఇక 1787 ఏప్రిలు ఎన్నిక. తిరుగుబాటుదారులలో అనేకులకు వోటుహక్కు తీసివేయబడియుండెను. అయినను అంతకుముందటి యేటికంటె మిక్కిలి యెక్కువమంది వోటు వేసిరి. బౌడెనునకు ఒక వోటు వచ్చినచోట, మరల పోటీకి నిలిచిన హాన్‌కాకునకు సుమారు మూడు వచ్చినవి. ఆ క్షణమును తలచుకొనుడు. రెండు నెలల క్రిందట జయించిన సేన బౌడెను పక్షముననున్నది. సేనకు సొమ్మిచ్చిన షాహుకారులందఱును ఆయన పక్షమే. యుద్ధమున గెలిచి ఎన్నికలో ఓడిన గవర్నరు ఏమి చేసెను? మారుమాట లేక పీఠము దిగి యింటికి పోయెను. 1689లో ఒక గవర్నరును చెఱబెట్టిన, 1775లో మఱియొకనిపై ఆయుధమెత్తిన ఆ దేశమున, ఈసారి గవర్నరు మారుటకు వోటుకాగితము చాలినది. నా దృష్టిలో ఆ రాష్ట్రపు స్వరాజ్యము 1776లో ప్రకటింపబడినది, 1787లో స్థాపింపబడినది.

కొత్త ప్రభుత్వము పన్నులు తగ్గించెను. అప్పులవారికి గడువు నిచ్చెను. తిరుగుబాటుదారులకు క్షమాపణ నొసగెను. షేసుగూడ 1788లో క్షమింపబడెను. దొంగతనపు నేరముపై ఇద్దఱు మాత్రము ఉరితీయబడిరి. 1788లో దేశమంతటికిని కొత్త సంయుక్త రాజ్యాంగమును అంగీకరించు మహాసభ బోస్టనులో కూడినపుడు, ఓడిన బౌడెనును గెలిచిన హాన్‌కాకును ఒక పక్షముననే యుండి దానిని 187 వోట్లకు 168 వోట్ల తేడాతో నెగ్గించిరి.

తరువాతి కథ త్వరగ చెప్పవచ్చును. త్వరగ చెప్పదగినట్లుండుటయే దాని ఘనత. 1793 అక్టోబరు 8వ తేదీన హాన్‌కాకు పదవిలో నుండగనే మరణించెను. ఉపగవర్నరుగనున్న సామ్యూలు ఆడమ్సు పీఠమునకు వచ్చి, మూడు మారులు ఎన్నుకొనబడి, 1797లో వృద్ధాప్యముచేత తానే తప్పుకొనెను. ఇంక్రీసు సమ్నరు వచ్చెను. 1799 జూనులో మరణించెను. ఉపగవర్నరు మోజెసు గిల్లు పని చూచెను. 1800 మే నెలలో ఆయనయు మరణించెను. గవర్నరు లేడు, ఉపగవర్నరు లేడు. పది దినములు ఆలోచనసభ రాజ్యము నడపినది. ఎవడైన సేనను పిలిచెనా? ఎవని కొడుకైన పీఠము నాదనెనా? లేదు. మే 30వ తేదీన కేలెబు స్ట్రాంగు ఎన్నిక ప్రకారము వచ్చి కూర్చుండెను. మన పురాతన రాజ్యములలో రాజు మరణించినచో దాయాదుల కలహమున ఎన్ని కోటలు కూలినవో స్మరించుకొనుడు. అపుడు ఈ పది దినముల నిశ్శబ్దము విలువ తెలియును.

పిదప పక్షములు పుట్టినవి. 1807లో స్ట్రాంగు ఓడి ఎదుటి పక్షమువాడైన జేమ్సు సల్లివను గెలిచెను. ఆయన 1808లో మరణింపగా ఉపగవర్నరు లెవై లింకను కొంతకాలము నడపెను. 1809లో క్రిస్టఫరు గోరు, 1810లో ఎల్‌బ్రిడ్జి జెర్రీ. ఈ జెర్రీయు స్వాతంత్ర్యప్రకటనపై చేవ్రాలు చేసినవాడే. ఆయన 1812లో అంగీకరించిన చట్టముచేత తన పక్షమునకు లాభించునట్లు నియోజకవర్గముల హద్దులు వంకరటింకరగ గీయబడినవి. ఒక దాని ఆకారము సాలమాండరు అను బల్లివంటి జంతువును పోలినదని పత్రికవారు ఎగతాళి చేసి, జెర్రీ పేరును ఆ జంతువు పేరును కలిపి జెర్రీమాండరు అను పదమును పుట్టించిరి. ఆ యెన్నికలో జెర్రీ గవర్నరు పదవికి ఓడిపోయెను. స్ట్రాంగు మరల వచ్చెను. కాని గీచిన గీతలు పని చేసినవి. ఎదుటి పక్షమునకే మొత్తముమీద వోట్లు ఎక్కువ వచ్చినను, పై సభలో జెర్రీ పక్షమునకు 29 స్థానములు, వారికి 11 మాత్రమే దక్కినవి. తుపాకిచేత కాని పని గీటుపుల్లచేత అగునని లోకమునకు తెలిసినది. కావున సోదరులారా, ఎన్నిక యున్నది గదాయని నిద్రింపరాదు. వోటు వేయువానిని కాపాడుట యెంత ముఖ్యమో, వోటు లెక్కకు వచ్చు దారిని కాపాడుట అంత ముఖ్యము.

ఆ 1780 నాటి రాజ్యాంగమే సవరణలతో నేటికిని అచట అమలులో నున్నది. ఆస్తి నిబంధనలు పోయినవి. 1920లో స్త్రీలకు వోటు వచ్చినది. గవర్నరు గడువు తొలుత రెండేండ్లకును, 1966 ఎన్నికనుండి నాలుగేండ్లకును పెరిగినది. 2022 ఎన్నికలో మొదటిసారిగ ఒక స్త్రీ గవర్నరుగ ఎన్నుకొనబడెను. వింత్రాపు నాటి సభవారు ఊహింపజాలని మాట యిది.

తుదకొక దృశ్యము చెప్పి విరమింతును. బోస్టనులో హాన్‌కాకు పశువులు మేసిన బీడుపై రాష్ట్ర శాసనసభాభవనము నిలిచియున్నది. 1795లో దాని మూలశిల నుంచినవాడు గవర్నరు సామ్యూలు ఆడమ్సు. ఆ భవనపు నడిమి తలుపులు సాధారణముగ మూయబడియుండును. పదవీకాలము ముగిసిన గవర్నరు వెడలునపుడు అవి తెఱవబడును. పరివారము లేక, ఒంటరిగ ఆ మెట్లు దిగి, గవర్నరు వీధిలోని జనులలో కలిసిపోవుట అచటి యాచారము. రాజులకు సింహాసనము నెక్కునపుడు ఉత్సవము. ఆ ప్రజలు దిగుటకు గూడ ఒక యుత్సవమును ఏర్పఱచుకొనిరి. ఎక్కినవాని ఘనతనుబట్టి గాక, దిగుట యెంత సులభమో దానినిబట్టి స్వరాజ్యమును కొలువవలెను. ఆ మెట్లు దిగుచున్న అడుగుల చప్పుడును ప్రతి ప్రజయు చెవియొగ్గి వినుచుండవలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.